సెనక్కాయంత రాణి గది

మా తేనె సారుకు ఫోను చేద్దామని సెల్లు చేతికి తీసుకున్నానో లేదో, అదే మోగింది. తెర మీద ఆయన పేరే. "నూరేండ్లు సారూ మీకు, ఇప్పుడే తలుచుకుంటి" అన్నాను. అవతల ఆయన కూతురు. మెల్లిగా, "అంకుల్, నాయన పొద్దున పోయినాడు. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే" అనింది.

నూరేళ్ళు అన్న నోటితోనే, వస్తాండానమ్మా అన్నాను.

ఆ పొద్దు నేను ఫోను చేయబోయింది ఎందుకంటే, పుంగనూరు బయట నా మామిడితోపులో ఉన్న తేనెపెట్టె మూత తీసి చూస్తే పట్టు అడుగున సెనక్కాయలు కనిపించాయి. నిజం వేరుసెనక్కాయలు కావు. అచ్చం ఆ రూపంలో, ఆ సైజులో, గరుకు గరుకుగా కిందికి వేలాడే మైనపు గదులు. ఐదు. "సెనక్కాయలు కనపడితే నాకు చెప్పు. చెప్పకుండా చెయ్యి పెట్టొద్దు" అని సారు నాకు ఆజ్ఞ ఇచ్చి నాలుగేళ్ళయింది. అంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, తప్పు నాదే. ఆ తప్పు వెనక ఇంకో తప్పుంది. అదీ నాదే. వరసగా చెప్తాను. మధ్యలో పక్కదారులు పడితే ఓర్చుకోండి, నాకది పుట్టుకతో వచ్చిన జబ్బు.

నేను ఎనిమిదో తరగతితో బడి చాలించినవాణ్ణి. పుంగనూరులో ముప్పై ఏళ్ళు పురుగుమందుల అంగడి పెట్టుకుని, బేరాల్లేని మధ్యాహ్నాలు పాతపేపర్ల అంగడి నుంచి తెచ్చిన పుస్తకాలు చదివి, నాకు తెలియనిది లోకంలో లేదనుకున్నవాణ్ణి. సారు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాడు. కొన్నాళ్ళు పుంగనూరు, చాలా ఏళ్ళు కుప్పం, రిటైరయ్యాక మదనపల్లెలో చిన్న ఇల్లు. పుంగనూరులో ఉన్న రోజుల్లో సాయంత్రం నా అంగడి ముందు స్టూలు మీద కూర్చుని, కొనడానికి వచ్చిన రైతులతో, "పూత మీద కొట్టొద్దప్పా, తేనెటీగలు పోతాయి. పొద్దు గుంకినాక కొట్టు" అని చెప్పేవాడు. అంగడి నాది, ఉపన్యాసం ఆయనది. నేను అంగడి మూసేసిన సంవత్సరం ఆటోలో ఒక తేనెపెట్టె దించి, "ఇన్నాళ్ళు సంపినావు. ఇంక కొన్నాళ్ళు సాకు" అన్నాడు.

రిటైరయ్యాక కూడా ఆయన జేబులో సుద్దముక్క ఉండేది. బండ కనిపిస్తే బండ మీద, అరుగు కనిపిస్తే అరుగు మీద బొమ్మ వేసేవాడు. తెల్లచొక్కా తప్ప వేసేవాడు కాదు, నల్లబట్ట చూస్తే ఈగలకు ఎలుగుబంటి గుర్తొస్తుందట. సెంటు పూసుకుని పెట్టె దగ్గరికి వచ్చినవాణ్ణి, "పెండ్లికొచ్చినావా, నాయనా?" అని వెనక్కి పంపేవాడు. ఒకసారి హార్స్లీ హిల్స్‌లో దోవ పక్కన బోర్లా పడుకుని చీమల వరస చూస్తుంటే, టూరిస్టులు ఎవరికో కళ్ళు తిరిగాయని మొగాన నీళ్ళు కొట్టారు. ఆయన లేచి చొక్కా పిండుకుంటూ, "నాకేం కాలేదమ్మా, పాపం సీమల ఇంట్లోకి నీళ్ళు పోయినాయి" అన్నాడట. చీమల్లో పెద్దతలవి కొన్ని ఉంటాయని, గట్టి గింజలు పగలగొట్టడం వాటి పని అని, ఆ తల చూసి మనం సిపాయిలని పేరు పెట్టామని ఆయనే చెప్పాడు. కందిరీగల గురించి అడిగితే నవ్వేవాడు. "మన సూరుకు గూడు కట్టే కందిరీగల్లో రాణికీ కూలికీ రూపంలో తేడా లేదప్పా. ఎవురు ఎవుర్ని తల మీద కొడితే వాళ్ళే రాణి. మన పంచాయితీ ఎలచ్చన్లు సూసుకో."

కుప్పంలో ఆయన క్లాసులో ఒకే బెంచీ మీద తెలుగు, తమిళం, కన్నడం కూర్చునేవి. "మూడు భాషల్లో చెప్పినా అర్థం కానోడికి ఈగ కుడితే అర్థమయ్యేది" అనేవాడు. ఒకసారి ఒక పిల్ల లేచి, "సారూ, కూలి ఈగ కూతురు కూడా కూలి ఈగేనా?" అని అడిగిందట. ఆ ప్రశ్న ఆయన ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు. "కూలి ఈగకు కూతుర్లుండరమ్మా. పెట్టెలో ఉండేటివి అన్నీ అక్కచెల్లెండ్లే. రాణి కూడా వాటికి అక్కో అమ్మో, అంతే" అని చెప్పాడట. ఇంగ్లీషు పుస్తకాల్లో రాణి, కూలి, పోతుటీగ అనే ఈ తేడాలను కులాలనే రాస్తారు. సారు ఆ మాట నల్లబోర్డు మీద ఎన్నడూ రాయలేదు. పనులు అని రాసేవాడు.

రాయకపోవడానికి కారణం నాకు తెలుసు. ఆయన తండ్రి మా ఇంట్లో జీతగాడు. మా గొడ్లు, మా చేను, మా పెంట అన్నీ ఆయన చేతి మీదే. ఇద్దరు కొడుకులు. పెద్దోడు, చిన్నోడు. ఆ చిన్నోడే మా సారు. చిన్నప్పుడు నేను ఆయన్ను ఒరే అనేవాణ్ణి, ఆయన నన్ను అయ్యా అనేవాడు. తర్వాత నేను సారూ అన్నాను, ఆయన అప్పా అన్నాడు. ఈ మార్పు ఏ దినం జరిగిందో చెప్పలేను. ఊరంతా సారూ అంటుంటే నేనొక్కణ్ణే ఒరే అంటే నాకే బాగుండదు కదా. అంతేగాని నాకేదో జ్ఞానోదయమైందని అనుకోవద్దు.

మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చాడు. అరుగు మీదే కూర్చునేవాడు. నీళ్ళసీసా ఆయనే తెచ్చుకునేవాడు. నా భార్య అన్నానికి పిలిస్తే, "తినే వచ్చినానమ్మా" అనేవాడు. లోపలికి రా సారూ అని నేనూ అనేవాణ్ణి. అనే తీరులో అనేవాణ్ణి, ఆయన వద్దనే తీరులో వద్దనేవాడు. ఇట్లా చాలా ఏళ్ళు గడిచాయి.

ఇప్పుడు సెనక్కాయల సంగతి. నాలుగేళ్ళ కిందట ఒక పొద్దున పెట్టెలోంచి సగం ఈగలు గుంపుగా లేచి, తోపు దాటి వెళ్ళిపోయాయి. ఆరు రోజులకు నేను పట్టు ఎత్తి చూసి, నా తెలివితేటలన్నీ ఉపయోగించి, సారుకు ఫోను చేశాను.

"సారూ, మీ ఈగలు సగం పారిపోయినాయి. పట్టుకేదో రోగమొచ్చింది. అడుగున సెనక్కాయల మాదిరి గడ్డలు. భయపడొద్దండి, నేను కోసి పారేసినా."

"ఎన్ని?"

"ఏడు."

"ఒకటన్నా మిగిలిచ్చినావా?"

"రోగాన్ని ఎవురన్నా మిగిలిస్తారా సారూ? ముప్పై ఏండ్లు మందులమ్మినోణ్ణి."

"అప్పా, నువ్వు కోసింది రోగం కాదు. ఏడుగురు రాణుల్ని" అన్నాడు.

పట్టు నిండిపోతే పాత రాణి సగం సంసారాన్ని తీసుకుని బయటికి పోతుంది. కట్టిన ఇల్లు, దాచిన తేనె పుట్టబోయే కూతురికి వదిలేసి ముసలిదే కొత్తచోటు వెతుక్కుంటుంది. ఆ కూతుళ్ళు పెరిగే గదులే సెనక్కాయలు. నేను కత్తి పెట్టింది ఆ గదులకు. పెట్టెలో రాణి లేదు, రాబోయే రాణీ లేదు, కొత్త గుడ్డు పడి ఆరు రోజులు. మూత మీద చెవి పెట్టమన్నాడు సారు. పెట్టాను. మామూలు ఝుంకారం కాదు. దిక్కు తెలియని ఇంట్లో అందరూ ఒకేసారి గొణుగుతున్నట్టుంది.

మర్నాడు పన్నెండు గంటలకు, కుప్పం నుంచి పలమనేరు మీదుగా బస్సు మారి, సారు వచ్చి దిగాడు. వెచ్చటి తువ్వాలు చుట్టిన మూట ఒకటి రొమ్ముకు ఆనించుకుని ఉన్నాడు. కుప్పంలో ఆయన పాత శిష్యుడి చామంతితోటలో ఆయన పెట్టెలు రెండుండేవి. రాత్రికే అక్కడికి పోయి, అందులోంచి గుడ్లూ పసిపురుగులూ ఉన్న పట్టు ఒకటి, చట్రంతో సహా తీసుకొచ్చాడు. బస్సులో కండక్టరు అడిగాడట.

"సారూ, ఆ మూటలో ఏముండాది?"

"పసిబిడ్డలప్పా."

"యాడ, ఏడుపే వినపడ్లా?"

"ఇంకా నోరు రాలేదు."

"అయితే టికెట్టు వద్దులే. ఆ కిటికీ పక్క నుంచి ఇట్ల జరుగు, గాలి తగుల్తాది."

పట్టును నా పెట్టెలో దించి, మూత మీద సుద్దముక్కతో చిన్న చిన్న గదులు గీశాడు. "ఇవన్నీ కూలి ఈగలు కావాల్సినవి. రాణి అని రాసిపెట్టిన గుడ్డు ఇందులో ఒక్కటీ లేదు. లోకంలోనే యాడా లేదు. గుడ్డులో తేడా ఉండదప్పా. పుట్టినాక మొదట అన్నింటికీ పాలమాదిరి జావే పెడతాయి. ఆ తర్వాత కూలి కావాల్సినదానికి తేనె, పుప్పొడి కలిపిన ముద్ద. రాణి కావాల్సినదానికి ఆ జావే, కడదాకా, మునిగిపోయేంత. గది కూడా పెద్దది చేస్తాయి. ఇప్పుడు నీ ఈగలు వీటిల్లో రెండు మూడింటిని ఎంచుకుంటాయి, సూడు."

"ఎప్పుడైనా ఎంచుకోవచ్చా?"

"లేదు. మూడు దినాల లోపలి పసిదై ఉండాల. దాటితే ఇంక ఎంత పోసినా రాణి కాదు. టైము పోయినట్టే." సుద్ద జేబులో వేసుకుని అన్నాడు. "నన్ను సారును చేసింది నా తెలివి కాదప్పా. మదనపల్లె హాస్టల్లో మూడు పూటలా పెట్టిన బువ్వ."

నేను అరవై ఏళ్ళు మింగిన మాట ఆ క్షణంలో బయటికి వచ్చింది. ఆ మాట ఇది. మా ఊరి బడిలో ఆ అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే పలక. ఒక దినం అన్న బడికి, తమ్ముడు గొడ్లకాడికి. మర్నాడు తమ్ముడు బడికి, అన్న గొడ్లకాడికి. సాయంత్రం బడికి పోయినోడు గొడ్లకాడున్నోడికి ఆ దినం పాఠం చెప్పేవాడు. అయ్యవారికి తెలుసు, ఏమీ అనేవాడు కాదు. మా నాయనకు తెలియదు. నేనేమో రోజూ బడికి పోయి రోజూ ఎక్కాలు రాక దెబ్బలు తినేవాణ్ణి. దినం మార్చి దినం వచ్చేవాళ్ళకు గడగడా వచ్చేవి. ఒకనాడు నా చేతులు వాచిపోయాయి. ఒంటికి వదిలినప్పుడు ఇంటికి పరుగెత్తి, "నాయనా, మన గొడ్లు కాసేటోడు బడిలో కూర్చోనుండాడు" అని చెప్పాను. అంతే చెప్పాను. మా నాయన కట్టె తీసుకుని బడికి పోయాడు.

"ఆ పొద్దు చెప్పింది నేనే సారూ" అన్నాను.

"తెలుసప్పా" అన్నాడు సారు. "ఆ పొద్దు గొడ్లకాడ ఉండింది నేను. గుట్ట మీదినుంచి సూస్తాంటి. నువ్వు పరుగెత్తింది సూసినా, మీ నాయన కట్టె తీసుకొని పోయింది సూసినా. బడిలో దొరికింది మా అన్న. ఇంక బడి మొగం సూస్తే కాళ్ళిరగ్గొడతా అనె మీ నాయన. గొడ్లకాడ బుద్ధిగా ఉండానని నన్నేమీ అనలా. మీ నాయనకు గొడ్లకాడ ఒకడుంటే చాలు కదా. అన్న పలక నా చేతికిచ్చి, ఇంక దినామూ నువ్వే పో అనె."

మళ్ళీ ఆయనే అన్నాడు. "నువ్వు ఒక్క దినం ఆలస్యంగా చెప్పింటే సారు వాడు. గొడ్లకాడ నేను."

"నన్ను క్షమించు సారూ."

"నాకెందుకప్పా చెప్తాండావు? నాకు మేలే చేస్తివి. చెప్పాల్సింది మా అన్నకు."

అప్పుడే నా భార్య తోపు పక్కనున్న ఇంట్లోంచి కేక వేసింది. "సారూ, తెల్లారిందాన్నించి బస్సులో ఉండారు. ఈ పొద్దు తినొచ్చినానంటే నేను నమ్మను."

సారు నా మొగం చూశాడు. లేచి చేతులు కడుక్కున్నాడు. "సంగటుంటే తింటానమ్మా. ఇద్దరికీ అదే పెట్టు" అన్నాడు. మా చిన్నప్పుడు పండగనాడు మాకు లోపల వరిబువ్వ, వాళ్ళకు పెరట్లో ఆకులో సంగటి. ఆ పెరటి సంగటే ఆయన లోపల కూర్చుని అడిగాడు. నా భార్య ఇద్దరికీ ఒకే రకం కంచాల్లో రాగిసంగటి, సెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఆయన మూడు ముద్దలు తిని, "ఉప్పు సరిగ్గా ఉండాదమ్మా" అన్నాడు. నీళ్ళసీసా ఆ దినం సంచిలోనే ఉండిపోయింది.

ఈగలు మూడు సెనక్కాయలు కట్టాయి. పెట్టె బతికింది. ఆ తర్వాత సారు నెలకొకసారి ఫోను చేసేవాడు. మొదటి ప్రశ్న, పెట్టె ఎట్లుండాది. చివరి ప్రశ్న, మా అన్నకు చెప్పినావా. చెప్తా సారూ, పూత రానీ అనేవాణ్ణి. కాయలు దిగనీ. వాన పడనీ. ఇంతమందికి ఇన్ని కథలు చెప్పే నోరు ఆ ఒక్క మాటకు తిరిగేది కాదు. అన్న ఎక్కడో దూరదేశంలో లేడు. మా ఊళ్ళోనే, మా తోపుకు రెండు చేన్ల అవతల, నాలుగు గొర్రెలు మేపుకుంటూ ఉన్నాడు.

ఫోనొచ్చిన పొద్దు నేను పోయేసరికి, మదనపల్లెలో సారు ఇంటి ముందు కుప్పం నుంచి వచ్చిన శిష్యులు మూడు భాషల్లో ఏడుస్తున్నారు. అన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చెబుదామని పక్కన కూర్చున్నాను. ఆయనే ముందు మాట్లాడాడు.

"అయ్యా, ఈగలు బాగుండాయా? వాడు ఎప్పుడొచ్చినా నీ పెట్టె మాటే చెప్తాండె."

"సెనక్కాయలు వచ్చినాయి" అన్నాను. "సూసేదానికి వస్తావా?"

వస్తానన్నాడు. ఆ తర్వాత ఆరు రోజులు నేను పెట్టె జోలికి పోలేదు. కత్తి ఇంట్లో పెట్టి వచ్చేవాణ్ణి. బయట రాలిపడిన ఈగల్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. సారు ఒకసారి చెప్పాడు. పుట్టిన ఈగ మొదట తన గది తుడుస్తుంది, తర్వాత పసివాటికి తినిపిస్తుంది, తర్వాత మైనం కడుతుంది, వాకిలి కాస్తుంది. ముసలిదయ్యాకే బయటికి, ఎండకూ గాలికీ. "ప్రమాదమైన పని ముసలోళ్ళది. మనమే పసిపిల్లోళ్ళను గొడ్లెంట తోల్తాం" అనేవాడు.

ఏడోనాడు అన్న వచ్చాడు. గొర్రెల్ని గట్టు మీద వదిలి, తువ్వాలు తలకు చుట్టుకుని, పెట్టెకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. నేను మూత తీయకముందే చెప్పేశాను. తీస్తే మళ్ళీ ఈగల కథలోకి పారిపోతానని నాకు తెలుసు.

"అన్నా, ఆ పొద్దు మా నాయనకు చెప్పింది నేను."

"అన్నా అంటాండావే? ఎండదెబ్బ తగిలిందా ఏమయ్యా?"

"నీ చదువు పోయింది నా వల్ల."

ఆయన గొర్రెల వైపు చూశాడు. వాటిలో ఒకటి పక్కచేన్లోకి పోతుంటే గట్టిగా అదిలించాడు. అది వెనక్కి వచ్చేదాకా ఆగాడు.

"తమ్ముడు చెప్పినాడులే. ఎప్పుడో చెప్పినాడు. నీ నోటితో చెప్తావా లేదా అని నాకూ వాడికీ పందెం. చెప్తాడు అనె వాడు. నువ్వు మీ నాయన కొడుకువి, చెప్పవు అంటిని నేను." పెట్టె వైపు తిరిగి, "వాడే గెలిచినాడు. సూసేదానికి లేడు" అన్నాడు.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మూత తీసి పట్టు మెల్లిగా ఎత్తాను. ఆయన దగ్గరికి వచ్చి వంగాడు. ఐదు సెనక్కాయల్లో ఒకదాని కొస పలచబడి గోధుమరంగు తిరిగింది. లోపలినుంచి ఏదో దాన్ని గుండ్రంగా కొరుకుతోంది. సన్నటి గీత ఒకటి మూత చుట్టూ సగందాకా వచ్చి ఆగి, మళ్ళీ కదిలింది. అన్న దాన్నుంచి కళ్ళు తీయకుండా అడిగాడు.

"ఏడార్ల నలభై రెండు. కదయ్యా?"

"ఆ."

"ఏడో ఎక్కం అప్పుడప్పుడే నేర్చుకుంటాంటి. మీ నాయన వచ్చినప్పుడు పలక మీద ఆడికి రాసింటి. తర్వాతది నోటికొచ్చేలోపల రెక్క పట్టుకొని లేపె. తమ్ముణ్ణి అడగాలంటే నామోషీ. తర్వాతెంత?"

"ఏడేడ్ల నలభై తొమ్మిది" అన్నాను. ఏ ఎక్కం రాక నేను దెబ్బలు తిన్నానో అదే ఎక్కం.

"ఏడేడ్ల నలభై తొమ్మిది" అన్నాడు ఆయన, పెదవులతో రుచి చూస్తున్నట్టు. "తర్వాత?"

"ఏడెనిమిదుల యాభై ఆరు."

పట్టు రెండో కొస ఆయన పట్టుకున్నాడు. మేము డెబ్భై దాకా పోయేసరికి ఆ గీత చుట్టూ తిరిగి కలిసింది. చిన్న మైనపు మూత ఒక పక్క అంటుకునే ఉండి, తలుపు తెరిచినట్టు కిందికి వాలింది.